లేని మంగళవారం

1844 సెప్టెంబరు 8, ఆదివారం

కచ్చేరీలో చెదలు కొట్టిన పాత పుస్తకమొకటి పారేయబోతుంటే ఇంటికి తెచ్చుకున్నాను. వెనక సగం తెల్లకాగితాలే. ఊరి రాయసం చేసేవాడికి రోజంతా ఇతరుల మాటలు రాయడంతోనే సరిపోతుంది. ఒక్క పేజీ అయినా నా మాట ఉండాలి కదా. బియ్యం కుండ వెనక దాచుకుంటాను.

ఇవాళ పూజ అయ్యాక చర్చి ముందు డప్పు కొట్టించి, మనీలా నుంచి వచ్చిన కొత్త ఉత్తర్వు నేనే చదివాను. కొత్త గవర్నరు దొర వచ్చి రెండు నెలలైంది, ఇది ఏడో ఉత్తర్వు. జనాభా పట్టీలు కొత్త నమూనాలో వెయ్యాలట. ఊరు దాటే ప్రతివాడి దగ్గరా రహదారి చీటీ ఉండాలట. లేనివాణ్ణి దేశదిమ్మరి కింద జమకట్టి, దక్షిణాది కోటల్లో పనికి ఓడెక్కిస్తారట. ఇవన్నీ ఒక ఎత్తు, ఇవాళ్టిది ఒక ఎత్తు. మన తేదీ చుట్టుపక్కల దేశాలకంటే ఒక రోజు వెనకబడి ఉందట. స్పెయిన్ వాళ్లు మొదట అమెరికా వైపు నుంచి ఓడల్లో వచ్చినప్పుడే ఆ తేడా పడిందట. చీనా, సింగపూరు వర్తకులతో బేరాలకు అది చిక్కుగా ఉందని ఈ ఏడు డిసెంబరు 31 తీసేస్తున్నారు. 30 సోమవారం పడుకుంటాం, లేచేసరికి బుధవారం, జనవరి 1.

జనం ఘొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా బావ హిలారియోన్. "బామ్మర్దీ, పాపం ఆ మంగళవారం ఏం నేరం చేసిందిరా? చీటీ లేకుండా ఊరు దాటిందా?" అన్నాడు. నాకూ నవ్వు ఆగలేదు. కపితాన్ ఎవులోహియో గారు అరుగు మీంచి ఒక్క చూపు చూసేసరికి ఇద్దరం నోళ్లు మూసుకున్నాం. ఊరికి పెద్ద ఆయన, ఆయన ముందు నవ్వడం తప్పే.

అక్టోబరు 20

అక్కకి నాలుగో నెల దాటింది అనుకున్నాను, ఆరో నెలట. మంత్రసాని మకారియా కడుపు తడిమి, జనవరి సగానికి అంది. అక్క ముఖంలో సంతోషం ఎంతో భయమూ అంతే. రెండేళ్ల కిందట పుట్టిన పిల్ల మూడో నాటికే పోయింది. ఆ పుట్టుక వేళ బావ సముద్రం మీద ఉన్నాడు. ప్రసవం అవుతున్నంతసేపూ మొగుడు ఇంటి కింద, నిట్రాళ్ల మధ్య నిలబడి కత్తి తిప్పుతూ ఉండాలి. లేకపోతే పసిబిడ్డల కోసం కాచుకునే పీడ నేల సందుల్లోంచి పైకి వస్తుంది. ఇది మా ఊళ్లో పాద్రీకి తప్ప అందరికీ తెలుసు. ఆ పాద్రీ కూడా కాదనడు, వినబడనట్టు నటిస్తాడు.

"ఈసారి పీడ కాదు, గవర్నరు దొర వచ్చినా నరికేస్తా," అన్నాడు బావ. అక్క అతని నోటి మీద చెయ్యి వేసింది.

నవంబరు 21, గురువారం

వెట్టి ఉత్తర్వు వచ్చింది. మా ఊరి నుంచి జట్టుకి పన్నెండు మంది, అడవిలో కలప కొట్టడానికి, నలభై రోజులు. గస్తీ పడవలకట. ఎవరినీ మినహాయించకూడదని కొత్త రూలు.

పట్టీ నేనే వేశాను. బావని మొదటి జట్టులోనే పెట్టాను. కావాలనే. రెండో జట్టులో పడితే సరిగ్గా జనవరిలో అడవిలో ఉంటాడు. అక్క ముందు కస్సుమంది, విడమరిచి చెప్పాక నా తల నిమిరింది. ఎనిమిదేళ్లుగా ఈ కచ్చేరీలో ఉన్నానంటే ఊరికే ఉన్నానా. ఎవరిని ఎక్కడ రాయాలో తెలియాలి.

రేపటి నుంచి మొదలు. నవంబరులో తొమ్మిది రోజులు, డిసెంబరులో ముప్ఫై ఒకటి. వేళ్ల మీదే తేలిపోయింది, నలభై. మిగతా పదకొండు మందీ కలప తెప్పల మీద మేస్త్రీతోపాటు సముద్రం వెంట వస్తారు, వాళ్లకి చీటీ అక్కర్లేదు. తెప్పలు ఎప్పుడు కదుల్తాయో గాలి దయ. అందుకని బావ కొండదారిన నడిచి వచ్చేస్తానన్నాడు, రెండు రోజుల నడక. అతనొక్కడికే రహదారి చీటీ రాశాను. "నలభై రోజుల పని ముగించి డిసెంబరు 31, సాన్ సిల్వెస్త్రె పండగ నాడు విడుదలై, స్వగ్రామం పోవుచున్నాడు. అది మొదలు వారం రోజులు చెల్లును." కపితాన్ గారు చదవకుండానే సంతకం చేశారు. నేను రాసింది ఆయన ఎప్పుడూ చదవరు. అంత నమ్మకం.

బావ చీటీని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. అతనికి అక్షరం ముక్క రాదు. "బాగా రాశావురా బామ్మర్దీ. నీ చేతిరాత ఉండగా మనకేం భయం," అన్నాడు. మైనం రాసిన గుడ్డలో చుట్టి వెదురు గొట్టంలో పెట్టుకున్నాడు. సాన్ సిల్వెస్త్రె పండగకి బయలుదేరతానని అక్కకి పదిసార్లు చెప్పాడు.

నవంబరు 30

వాన. పట్టీలు. వాన.

డిసెంబరు 17, మంగళవారం

క్రిస్మస్ ముందు తొమ్మిది తెల్లవారుజాము పూజలు మొదలయ్యాయి. ఇవాళ రెండోది. పూజ చివర పాద్రీ, ఈ ఏడు సాన్ సిల్వెస్త్రె పండగ ఉండదని, ఆ రోజే లేదు కనుక ఎవరూ కొవ్వొత్తులు తేవద్దని చెప్పాడు. నా చుట్టూ ఉన్నవాళ్లు మళ్లీ నవ్వారు.

బావ చీటీలో నేను రాసింది ఆ రోజే.

చర్చి నుంచి నేరుగా కచ్చేరీకి వెళ్లి చీటీల పుస్తకం తీశాను. నవంబరు 21 కింద నకలు ఉంది. నా చేతి రాతే. 31. ఒంపులతో సహా ఎంత అందంగా ఉందో.

ఉత్తర్వు చదివింది నేను. చర్చి గోడకి అంటించింది నేను. రోజూ పోతూ వస్తూ దాని ముందు నుంచే నడుస్తున్నాను. ఇంత చదువుకున్నవాణ్ణి, ఎలా రాశాను.

సరే. ఎవరు చూస్తారు. కాపలా సిపాయిల్లో సగం మందికి చదువే రాదు. చీటీ అంటూ ఒకటి ఉంటే చాలు.

డిసెంబరు 19

రేపు అడవి మకాముకి బియ్యం మూటలు వెళ్తున్నాయి. మోసేవాడు లోపేరియో మా వీధివాడే, నమ్మకస్తుడు. అక్క ఎండుచేపలు, కొబ్బరాకుల్లో చుట్టిన తీపి అన్నం పొట్లాలు పది కట్టి ఇచ్చింది. "నువ్వేమైనా పంపుతావా, రెండు ముక్కలు రాస్తావా?" అంది. ఏముందక్కా రాయడానికి, చదివేవాళ్లెవరు అక్కడ అన్నాను.

కొత్త చీటీ రాయొచ్చు. రాయడం ఎంతసేపు. కానీ సంతకం కావాలి. సంతకం కావాలంటే ఎందుకో కపితాన్ గారికి చెప్పాలి. మొన్న పక్క ఊరి రాయసగాణ్ణి జనాభా పట్టీలో ఒక వీధి తప్పిపోయిందని కొలువులోంచి తీసేసి, పాతిక దెబ్బలు కొట్టించారు. వాడి పెళ్లాం పిల్లలు ఇప్పుడు నత్తలు ఏరుకుని బతుకుతున్నారు.

పొద్దున చెప్తాను కపితాన్ గారికి. లోపేరియో వెళ్లేది ఎండ పడ్డాకే కదా.

డిసెంబరు 20

కపితాన్ గారికి పంటినొప్పి. మాట్లాడించే సమయం కాదు. లోపేరియో వెళ్లిపోయాడు.

డిసెంబరు 22

ఎవరు చూస్తారు.

డిసెంబరు 25

అక్క అల్లం కషాయం కాచింది. ఇద్దరమే తాగాం. బావ వంతు కూడా గిన్నెలో పోసి పెట్టింది, చల్లారాక నాకే ఇచ్చింది. కడుపు బాగా దిగిందని మకారియా అంటోంది. ఏమిటో అందరూ ఆ కడుపు కేసే చూస్తారు, నేను ఆ గిన్నె కేసి చూశాను.

డిసెంబరు 30, సోమవారం

ఊళ్లో పెద్ద వేడుకైంది. రేపు లేని రోజు కనుక రేపటి పనులేవీ లేవని కుర్రకారంతా కల్లు తాగారు. ఒక ముసలామె కచ్చేరీకి వచ్చి, తన ఆయుష్షులోంచి ఒక రోజు తీసుకున్నారు కదా, దానికి బదులు ఏమిస్తారని అడిగింది. నవ్వి పంపేశాను. ఆమె నవ్వలేదు.

1845 జనవరి 1, బుధవారం

పొద్దున్నే లేచి చూస్తే అదే వాన, అదే కోళ్లు.

బావ ఇవాళ బయలుదేరి ఉండాలి. కాదు, నిన్న. నిన్న లేదు కదా. ఇవాళే.

జనవరి 4, శనివారం

రాలేదు. కొండవాగులు పొంగి ఉంటాయి. అక్క మెట్ల మీద కూర్చుని తమలపాకులు నములుతూ దారి చూస్తోంది. నేను వీధి చివరి నుంచి వస్తే ఆమెకి కనబడతానని, చర్చి వెనక దారిన ఇంటికి వచ్చాను.

జనవరి 6, సోమవారం

తెప్పలు వచ్చేశాయి. పదకొండు మందీ దిగారు. క్రిస్పులో అనే కుర్రవాడు బావ పక్కనే పడుకునేవాడట, వాడు చెప్పాడు. బావ రోజుకో గాటు చొప్పున వెదురు మీద పెట్టుకున్నాడు. జనవరి ఒకటి పొద్దున ముప్ఫై తొమ్మిది గాట్లే ఉన్నాయి. చీటీ ప్రకారం నిన్ననే తన విడుదల అని బావ, నిన్న అనేది లేదు కనుక ఇవాళ పని చెయ్యమని మేస్త్రీ. బావ చివరికి ఆ రోజూ చెట్టు కొట్టి, నలభయ్యో గాటు పెట్టి, 2వ తేదీ తెల్లవారగానే పాట పాడుకుంటూ వెళ్లాడట.

"మరి మాకంటే ముందే రావాలి కదా," అన్నాడు క్రిస్పులో.

అక్క అక్కడే నిలబడి అంతా విన్నది. నా వైపు తిరిగి, "దారిలో ఎవరైనా మూటలు మోయడానికి పట్టుకుని ఉంటారంటావా?" అని అడిగింది. అవును అన్నాను. అంతే అయి ఉంటుంది అన్నాను. సిపాయిలకి దారిన పోయేవాణ్ణి పట్టుకుని మూటలెత్తించడం అలవాటే అన్నాను. మూడుసార్లు చెప్పాను.

జనవరి 9

మూటలే అయి ఉంటాయి.

జనవరి 14, మంగళవారం

మా జిల్లా రాజధాని నుంచి కాగితం వచ్చింది. సీలు నేనే విప్పాను, అది నా పని.

కొండదారిలో వాగు దాటే రేవు దగ్గర హిలారియోన్ అనే ఒకణ్ణి పట్టుకున్నారు. వాడి దగ్గరున్న రహదారి చీటీలో లేని తేదీ ఉంది. దొంగ చీటీ అని అనుమానం. వాడు అది తన బామ్మర్ది రాసిందని, అందులో తప్పుండదని పదేపదే అంటున్నాడట. మీ కచ్చేరీ నుంచి 1844 డిసెంబరు 31 తేదీ గల చీటీ ఇచ్చారా లేదా, వెంటనే తెలుపుడు. ఇచ్చి ఉంటే, గవర్నరు దొర ఉత్తర్వు చదివించి కూడా ఆ తేదీ రాసినవాడినీ, సంతకం చేసినవాడినీ హాజరుపరచుడు. ఇవ్వకపోతే ఖైదీని ఈ నెలాఖరు ఓడలో దేశదిమ్మరులతోపాటు పంపివేస్తాం.

కపితాన్ గారికి చదివి వినిపించాను. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. వక్క నమలడం పూర్తయ్యేదాకా ఆగి, ఉమ్మి, అప్పుడు అన్నారు. "కార్పో, నేను చదవకుండా సంతకం పెట్టాను, నువ్వు చూడకుండా రాశావు. ఇద్దరం పోదామా? నాకు ఐదుగురు పిల్లలు. నీకు ఆ కొలువు తప్ప ఏముంది. పైగా మీ అక్కని చూసేవాడివి నువ్వొక్కడివే ఇప్పుడు."

ఏం రాయమంటారని అడిగాను.

"నన్నడుగుతావేం. నీకు తెలుసు. నువ్వు రాసేది నేను ఎప్పుడూ చదవను కదా."

జనవరి 15

రాశాను. "మా చీటీల పుస్తకమందు 1844 డిసెంబరు 31 తేదీన ఇచ్చిన చీటీ ఏదియు లేదు."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పుస్తకంలో చూసుకోండి. బావ చీటీ నవంబరు 21న ఇచ్చింది. 31న ఏమీ ఇవ్వలేదు. 31 అనేదే లేదు, ఎలా ఇస్తాం. ఎవరైనా వచ్చి తిరగేసినా ఈ మాట నిలబడుతుంది. వాళ్లు అడిగిన దానికి నేను జవాబు చెప్పాను. వాళ్లు నవంబరు 21 సంగతి అడగలేదు.

పైగా పెద్దవాళ్లు ఒక కాగితం మీద మనిషిని ఓడెక్కిస్తారా. విచారణ చేస్తారు. నాలుగు తిట్టి వదిలేస్తారు. బావ మాటకారి, నవ్వించి బయటపడతాడు.

ఒక్క అక్షరం అబద్ధం లేదు.

జనవరి 18, శనివారం

మధ్యాహ్నం భోజనాల వేళ అక్కకి నొప్పులు మొదలయ్యాయి. మకారియా వచ్చి నీళ్లు కాయమంది, తర్వాత నన్ను చూసి, "మొగుడు లేనప్పుడు తోడబుట్టినవాడు నిలబడొచ్చు. కత్తి తీసుకుని కిందికి పో," అంది.

బావ కత్తి దూలంలో గుచ్చి ఉంది. తీసుకుని ఇంటి కిందికి వెళ్లాను. చీలమండల దాకా బురద. పందిని బయటికి తోలాను. వెదురు నేల సందుల్లోంచి వేడినీళ్లు కారి నా మెడ మీద పడుతున్నాయి, పైన అక్క మూలుగు వినిపిస్తోంది. కలం తప్ప పట్టని చెయ్యి, కాసేపటికే భుజం పీకేసింది. ఎడమ చేత్తో తిప్పాను. మళ్లీ కుడి చేత్తో.

నొప్పుల మధ్య, నేల సందులోంచి అక్క గొంతు వచ్చింది. "తమ్ముడూ, ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"ఆగకుండా తిప్పు నాయనా. నువ్వున్నావు గనక నాకు ధైర్యంగా ఉంది."

కొలువులో చేరాక ఈ ఎనిమిదేళ్లలో నేను ఏడవడం ఇదే మొదటిసారి. ఎండుటాకు కదిలినా, కప్ప గెంతినా అటు కత్తి విసిరాను. నిట్రాళ్ల మధ్య ఎవరో నిలబడినట్టే ఉంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు, నేనే. ఈ ఇంటికి పట్టిన పీడ ఇంటి కిందే నిలబడి కత్తి తిప్పుతోందని పైనున్న వాళ్లకి తెలియదు. బావని తీసుకుపోయింది ఏ దయ్యమూ కాదు, సిపాయిలు కూడా కాదు. నేను. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

నాలుగు గంటలకి కేక వినబడింది. మగపిల్లాడు. గట్టిగా ఉన్నాడు.

జనవరి 21

మూడో నాడు దాటింది. పిల్లాడు పాలు తాగుతున్నాడు. అక్క నవ్వింది.

మళ్లీ రాజధానికి రాద్దామని కూర్చున్నాను. "పై విషయమున పొరపాటు జరిగినది" అని మొదలుపెట్టాను. పొరపాటు ఎవరిదో రాయాల్సిన చోట ఆగాను. ఇంకా వారం ఉంది ఓడకి.

జనవరి 23

ఇంకా ఐదు రోజులు. కొండదారి మీద వాగులు తగ్గాయట. టపా రెండు రోజుల్లో చేరుతుంది.

జనవరి 24

కపితాన్ గారు నా బల్ల మీదున్న కాగితం చూశారు. మొదటిసారి, ఎనిమిదేళ్లలో, నేను రాసింది ఆయన చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆయన తీసుకున్నారు. నేనేం చెయ్యను.

ఇంకో కాగితం తీసుకోవచ్చు.

జనవరి 29, బుధవారం

ఓడ గాలి బాగుందని ఒక రోజు ముందే వెళ్లిపోయిందని టపా మనిషి చెప్పాడు. నలభై మూడు మంది. ఒకడు రేవులో సిపాయిలందరినీ నవ్విస్తూనే ఎక్కాడట. పేరు అడగలేదు.

అక్కకి చెప్పలేదు. మూటల పని ఇంకా ఉందన్నాను, దక్షిణాది దాకా మోయించుకు వెళ్లారట అన్నాను. పాలిచ్చే తల్లి, ఇప్పుడే ఎందుకు.

ఫిబ్రవరి 2, ఆదివారం

పిల్లాడికి బాప్తిస్మం. బావ వచ్చేదాకా ఆగుదామని అక్క ఇన్ని రోజులు వాయిదా వేయించింది, పాద్రీ ఇక ఒప్పుకోలేదు. పుట్టిన రోజు పునీతుడి పేరు పెట్టమన్నారు. అక్క వినలేదు. సిల్వెస్త్రె అని పెట్టమంది. పోయిన ఏడు ఆ రోజే లేదమ్మా అన్నాడు పాద్రీ.

"వాళ్ల నాన్న ఆ రోజే బయలుదేరతానన్నాడు, స్వామీ. ఆ రోజు పేరే ఉండనివ్వండి. వచ్చేదాకా పిలుచుకుంటాను," అంది.

పాద్రీకి రాసేది కూడా నేనే. పుస్తకం కొత్త నమూనా, గవర్నరు దొర పంపింది. పిల్లాడి పేరు రాశాను. తల్లి పేరు రాశాను. తండ్రి పేరు రాశాను. పక్కన కొత్త గడి ఒకటి ఉంది, తండ్రి స్థితి అని. రాజధాని నుంచి వచ్చిన పట్టీలో ఏముందో అదే ఇక్కడా ఉండాలి. రెండూ కలవకపోతే అడుగుతారు. దేశదిమ్మరి అని రాశాను.

అక్క పిల్లాణ్ణి భుజాన వేసుకుని నా వెనక నుంచి తొంగి చూసింది. వాళ్లాయన పేరు ఏదని అడిగింది. చూపించాను. వేలితో దాన్ని తాకబోయి, సిరా తడి అని ఆగింది.

"పక్కన ఇంకో మాటుందే, అదేమిటి తమ్ముడూ?"

"పనిమీద ఊరెళ్లాడని."

ఆ మాట కేసి చాలాసేపు చూసింది. పిల్లాడి తల నా వైపు తిప్పి, "చూడు నాన్నా, మీ మామయ్య ఎంత ముద్దుగా రాశాడో. ఈయన చేతిరాత ఉండగా మనకేం భయం," అంది.

ఇసుక చల్లి, సిరా ఆరాక పుస్తకం మూశాను.